నగర కూడలిలో శీతకాలపు ఐస్ రింక్: నిర్వహణ - ప్రజాప్రయోజనం

వ్యాససంగ్రహం:
శీతలదేశాల మహానగరాల్లో చలికాలం రాగానే ప్రధాన కూడళ్లలో ఆరుబయట ఐస్ రింకులు వెలుస్తాయి. చూపరులకు అది చలి చేసిన పనిగా తోస్తుంది. వాస్తవంలో అది యంత్రాలు, విద్యుత్తు, మానవశ్రమ కలిసి ప్రతిరోజూ కాపాడుకునే ఉపరితలం. ఇటువంటి రింకును నెలకొల్పే విధానాన్ని, దాని రోజువారీ నిర్వహణను, భద్రతను, వ్యయభారాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. టొరంటో, న్యూయార్క్, అట్టావా, లండన్ నగరాల అనుభవాల ఆధారంగా, ఐసును నిలబెట్టే ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్నే ఆ స్థలం ఎవరిదన్న ప్రశ్నకు సమాధానాన్ని నిర్ణయిస్తుందని ప్రతిపాదిస్తుంది.

ముఖ్యపదాలు: ఐస్ రింక్, నగర కూడలి, శీతలీకరణ, గుప్తోష్ణం, ప్రజాస్థలం, శీతోష్ణస్థితి మార్పు.

1. ప్రవేశిక:
చలి ముదిరినకొద్దీ నగర కూడళ్లు ఖాళీ అవుతాయి. వేసవిలో సభలకు, సంతలకు, సాయంకాలపు షికార్లకు నెలవైన స్థలం శీతకాలంలో ఒక చోటినుంచి మరొక చోటికి వడివడిగా దాటిపోయే దారిగా మాత్రమే మిగులుతుంది. ఐస్ రింక్ ఈ స్థితిని తారుమారు చేస్తుంది. జనాన్ని ఇళ్లలోకి తరిమే చలినే జనాన్ని బయటికి రప్పించే కారణంగా మారుస్తుంది. కెనడాలోని టొరంటో నగరపాలక భవనం ఎదుట ఉన్న నాథన్ ఫిలిప్స్ స్క్వేర్ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఫిన్లాండ్ వాస్తుశిల్పి విల్యో రెవెల్ రూపకల్పన చేసిన ఆ భవనం 1965లో ప్రారంభమైంది. ఆయన 1964లోనే మరణించడం వల్ల పూర్తయిన భవనాన్ని చూడలేకపోయారు. భవనం ముందున్న విశాలమైన నీటికొలను వేసవిలో ఆకాశాన్ని ప్రతిబింబిస్తుంది. చలికాలంలో అదే కొలను స్కేటింగ్ రింకుగా మారుతుంది. అందులోకి ప్రవేశం ఉచితం.

తెలుగు పాఠకులకు కృత్రిమమైన మంచుతో పరిచయం వేరుగా ఏర్పడింది. 2004లో హైదరాబాదులో ప్రారంభమైన స్నో వరల్డ్ నాలుగు గోడల మధ్య, టిక్కెట్టు కొని ప్రవేశించే వినోదస్థలం. ఆరుబయట, నగరం నడిబొడ్డున, ఎవరైనా అడుగుపెట్టగల ఐసు దీనికి భిన్నమైన వ్యవస్థ. ఆ భిన్నత్వం ఎక్కడుందో తెలియాలంటే ముందుగా ఐసు ఎలా తయారవుతుందో, ఎలా నిలుస్తుందో తెలియాలి.

2. పరిభాష - మంచు, ఐసు:
తెలుగులో 'మంచు' అనే మాట పరిధి చాలా పెద్దది. వేకువన కమ్ముకొనే పొగమంచు, గడ్డిపరకలపై నిలిచే బిందువులు, కొండలపై కురిసే హిమం, గడ్డకట్టిన నీరు అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. హిమం, తుషారం, నీహారం వంటి సంస్కృతపదాలు తెలుగులో వాడుకలో ఉన్నా ఈ స్థితులను ఖచ్చితంగా వేరుచేయవు. రింక్ నిర్వహణలో మాత్రం ఈ భేదం చాలా ముఖ్యం. కురిసే మంచు తనలో గాలిని బంధించి ఉంచుకుంటుంది. అందువల్ల ఉష్ణాన్ని అడ్డుకుంటుంది, స్కేట్ల కదలికకూ ఆటంకమవుతుంది. గడ్డకట్టిన నీరు గట్టిగా, నునుపుగా ఉంటుంది, ఉష్ణాన్ని బాగా ప్రసరింపజేస్తుంది. మంచు కురిసినప్పుడల్లా దాన్ని ఎత్తిపోయడమే నిర్వాహకుల మొదటి పని. ఈ వ్యాసంలో ఆకాశంనుంచి కురిసేదానికి 'మంచు' అనే మాటను, గడ్డకట్టిన నీటికి ఐసుముక్క, ఐసుపుల్ల వంటి మాటల ద్వారా ఇప్పటికే వాడుకలో ఉన్న 'ఐసు' అనే మాటను గ్రహించడమైంది.

3. చారిత్రక నేపథ్యం:
యంత్రాలు రాకముందు ఐసు పూర్తిగా ప్రకృతి చేతిలో ఉండేది. నిర్మలమైన ఆకాశం ఉన్న రాత్రి నేల తన వేడిని వికిరణం ద్వారా కోల్పోతుంది. ఉత్తర భారతదేశంలో గడ్డిపై పరచిన మట్టిమూకుళ్లలో నీళ్లు పోసి రాత్రికి రాత్రే ఐసు తయారుచేసే పద్ధతిని రాబర్ట్ బార్కర్ 1775లో లండన్ రాయల్ సొసైటీకి వివరించాడు. సిమ్లాలో 1920లో ఏర్పడిన ఆరుబయటి రింకుకు ఆధారం కూడా ఈ సూత్రమే. అక్కడ సాయంత్రం నీరు చల్లితే తెల్లవారేసరికి గడ్డకడుతుంది. మబ్బు పట్టిన రాత్రి మాత్రం ఆ ఐసుకు ప్రతికూలం.

యంత్రంతో నీటిని గడ్డకట్టించిన తొలి రింకును జాన్ గామ్జీ 1876లో లండన్‌లోని చెల్సీలో ప్రారంభించాడు. దాని పేరు గ్లేసియారియం. నేలలో అమర్చిన రాగిగొట్టాల గుండా గ్లిజరిన్ కలిసిన చల్లని ద్రావణాన్ని ప్రవహింపజేసి పైనున్న నీటిని గడ్డకట్టించడం అక్కడి పద్ధతి. అది కప్పుకింద నడిచిన రింకు. ఇదే సూత్రాన్ని ఆరుబయటికి తెచ్చిన ఘనత వియన్నాకు చెందిన ఇంజనీరు ఎడువార్డ్ ఎంగెల్‌మాన్‌కు దక్కుతుంది. స్వయంగా ఐరోపా స్కేటింగ్ విజేత అయిన ఆయన 1909లో ఆరుబయట కృత్రిమ ఐసు రింకును నెలకొల్పాడు.

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో రింకు వెలయడానికి కారణం వ్యాపారం సాగకపోవడం. అక్కడ వీధిమట్టానికి దిగువన నిర్మించిన ప్రాంగణంలోని దుకాణాలకు జనం దిగిరాలేదు. 1936 క్రిస్మస్ రోజున అక్కడ తాత్కాలికంగా రింకు తెరిచారు. దుకాణాల కోసం మెట్లు దిగని జనం స్కేటింగ్ కోసం, స్కేటింగ్ చూడడం కోసం వచ్చారు. తాత్కాలికమైనది శాశ్వతమైంది. నగర కూడలిలో ఐసుకు ఉన్న ఆకర్షణశక్తిని ఈ ఉదంతం స్పష్టం చేస్తుంది.

4. ఐసు తయారయ్యే విధానం:
4.1. శీతలీకరణ వ్యవస్థ:
కృత్రిమ రింకులో సాధారణంగా రెండు వలయాలుంటాయి. మొదటి వలయంలో అమోనియా వంటి శీతలకం కంప్రెసర్ ద్వారా తిరుగుతూ చిల్లర్‌లో వేడిని గ్రహిస్తుంది. రెండవ వలయంలో కాల్షియం క్లోరైడ్ కలిసిన ఉప్పునీరు లేదా గ్లైకాల్ ద్రావణం చిల్లర్‌లో చల్లబడి, రింకు అడుగున దగ్గరదగ్గరగా పరచిన గొట్టాల్లో ప్రవహిస్తుంది. సున్నా డిగ్రీలకంటే ఎంతో దిగువకు చల్లబరిచినా ఈ ద్రావణం గడ్డకట్టదు. అది నీటినుంచి లాగిన వేడి చివరకు బయటిగాలిలోకి పోతుంది. రింకు పక్కన వెచ్చని గాలిని వదిలే యంత్రం కనబడడానికి కారణం ఇదే. చలిని తయారుచేయడమంటే వేడిని ఒకచోటినుంచి మరొకచోటికి తరలించడమే.

4.2. నేల చదును:
నగర కూడళ్లు వాననీరు పోవడానికి వీలుగా కొద్దిపాటి వాలుతో నిర్మాణమవుతాయి. ఐసు ఉపరితలం మాత్రం సమతలంగానే ఉండాలి. నూటికి ఒకటి చొప్పున వాలున్న నేలపై 30 మీటర్ల పొడవైన రింకును నేరుగా నిర్మిస్తే, ఒక కొసకూ మరొక కొసకూ ఐసు మందంలో 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఐసు మందం పెరిగినకొద్దీ గొట్టాల చల్లదనం పైకి చేరడం కష్టమవుతుంది. మందమైన చోట పైభాగం మెత్తబడుతుంది. అందుచేత తాత్కాలిక రింకులకు ముందుగా చదునైన వేదికను అమర్చి, దానిపై గొట్టాలను పరుస్తారు. నాథన్ ఫిలిప్స్ స్క్వేర్‌లో కొలనునే రింకుగా మార్చడం వల్ల స్థలానికి రెండు రుతువుల ప్రయోజనం సమకూరింది.

4.3. పొరలు పొరలుగా:
నీటిని ఒక్కసారిగా నింపితే అడుగున గడ్డకట్టి పైన నీరు మిగలడం, గాలిబుడగలు చిక్కుకోవడం, పగుళ్లు ఏర్పడడం వంటి లోపాలు వస్తాయి. అందువల్ల సన్నని తుంపరగా నీటిని చల్లి, అది గడ్డకట్టాక మరో పొర వేస్తారు. ఎండ లేని రాత్రివేళ ఈ పనికి అనుకూలం. అడుగుపొరలకు తెల్లని రంగు కలిపితే సూర్యకాంతిలో ఎక్కువభాగం పరావర్తనం చెందుతుంది. ఆ తెలుపు అందానికే గాక రక్షణకు కూడా ఉపకరిస్తుంది.

5. నిలబెట్టడంలోని శ్రమ:
5.1. వేడి లెక్క:
ఐసును తయారుచేయడం, నిలబెట్టడం అనే రెండు పనుల్లో ఏది కష్టమో ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం గల రింకును ఊహిస్తే, దానికి సుమారు 27,500 లీటర్ల నీరు కావాలి. ఒక కిలో నీరు గడ్డకట్టేటప్పుడు 334 కిలోజౌళ్ల గుప్తోష్ణం విడుదలవుతుంది. 10 డిగ్రీల నీటిని మైనస్ 5 డిగ్రీల ఐసుగా మార్చడానికి తొలగించవలసిన వేడి మొత్తం దాదాపు 2,950 కిలోవాట్ గంటలు. ఒక యూనిట్ విద్యుత్తుతో మూడు యూనిట్ల వేడిని తరలించే యంత్రమైతే, ఇందుకు వెయ్యి యూనిట్ల విద్యుత్తు సరిపోతుంది.

ఇప్పుడు ఒక ఎండరోజును తీసుకొంటే, చదరపు మీటరుకు 400 వాట్ల చొప్పున పడిన కాంతిలో సగాన్ని ఐసు గ్రహించిందనుకున్నా, 600 చదరపు మీటర్ల రింకులోకి గంటకు 120 యూనిట్ల వేడి చేరుతుంది. అయిదు గంటల్లో అది 600 యూనిట్లు. అంటే అటువంటి అయిదు రోజుల ఎండ, ఐసు తయారీలో తొలగించిన వేడి మొత్తానికి సమానమైన వేడిని తిరిగి రింకులోకి చేర్చగలదు. దీనికి గాలి సంవహనం ద్వారా తెచ్చే వేడి, వాన, గాలిలోని తేమ ఐసుపై సాంద్రీకరణం చెందినప్పుడు విడుదలయ్యే వేడి తోడవుతాయి. తయారీ ఒకసారి చేసే పని. రక్షణ రుతువంతా సాగే పని. ఖర్చులో అధికభాగం ఈ రెండవదానికే చెందుతుంది.

ఈ లెక్కనుంచి స్థలనిర్ణయానికి సంబంధించిన ఒక సూత్రం లభిస్తుంది. సూర్యుడు దక్షిణాన తక్కువ ఎత్తులో సంచరించే ఉత్తరదేశాల చలికాలంలో, రింకుకు దక్షిణంగా ఉన్న ఎత్తైన భవనం పగటిపూట నీడనిస్తుంది. సాధారణంగా నగరకేంద్రంలో లోపంగా భావించే నీడ ఇక్కడ విద్యుత్తును ఆదా చేసే వనరు అవుతుంది.

5.2. ఉపరితలాన్ని సరిచేయడం:
స్కేట్ల అంచులు ఐసును కోస్తాయి. కోసిన పొడి ఉపరితలంపై పేరుకుంటుంది. పూర్వం ట్రాక్టరుతో గీకి, పొడిని పారలతో ఎత్తి, నీరు చల్లి, అది గడ్డకట్టేదాకా ఆగడానికి గంటకు పైగా పట్టేది. కాలిఫోర్నియాలో రింకు నడిపిన ఫ్రాంక్ జాంబోనీ 1949లో ఈ పనులన్నిటినీ ఒకే వాహనంతో చేయగల యంత్రాన్ని రూపొందించాడు. అది పైపొరను చెక్కుతుంది, పొడిని తొట్టిలోకి చేరుస్తుంది, గాడులను కడుగుతుంది, వెనుక వేలాడే గుడ్డతో వేడినీటిని పలుచగా పరుస్తుంది. వేడినీరు పాతపొర పైభాగాన్ని కొద్దిగా కరిగించి దానితో గట్టిగా అతుక్కుంటుంది, దానిలో కరిగి ఉండే గాలి కూడా తక్కువ. అయితే దీనికి మూల్యం ఉంది. పై ఉదాహరణలోని రింకుపై అర మిల్లీమీటరు మందాన 60 డిగ్రీల నీరు పరచడానికి 300 లీటర్లు కావాలి. దాన్ని గడ్డకట్టించడానికి సుమారు 50 యూనిట్ల వేడిని మళ్లీ తొలగించాలి. రోజుకు ఎన్నిసార్లు ఉపరితలాన్ని సరిచేయాలన్నది స్కేటర్ల సౌకర్యానికీ విద్యుత్తు ఖర్చుకూ మధ్య తూచుకోవలసిన విషయం.

6. భద్రత:
రింకులో రెండు రకాల ప్రమాదాలున్నాయి. ఒకటి కంటికి కనిపించేది: జారిపడడం, ఒకరినొకరు ఢీకొనడం. దీనికోసం అందరూ ఒకే దిశలో తిరిగే నియమం, పర్యవేక్షకులు, ప్రథమచికిత్స, ఒకేసారి లోపలుండేవారి సంఖ్యపై పరిమితి అవసరం. రెండవది కనిపించనిది. అమోనియా సమర్థమైన శీతలకం, కాని విషవాయువు. 2017 అక్టోబరులో కెనడాలోని ఫెర్నీ పట్టణంలో, భవనంలోపల నడిచే ఒక రింకు యంత్రగదిలో అమోనియా వెలువడి ముగ్గురు మరణించారు. చిల్లర్‌లో ఏర్పడిన చిల్లుద్వారా అమోనియా ఉప్పునీటి వలయంలోకి చేరడం ఆ ప్రమాదానికి మూలం. రెండు వలయాల మధ్యనున్న లోహపు గోడ ఎంత పాతదైందో గమనించకపోతే రక్షణ కోసం ఏర్పరచిన వ్యవస్థే అపాయానికి దారితీస్తుందని ఈ దుర్ఘటన తెలుపుతుంది. వేలమంది గుమిగూడే నగరకేంద్రంలో యంత్రాల తనిఖీ, పాత చిల్లర్ల మార్పిడి ప్రాణాలకు సంబంధించిన అంశాలు. నిధులు తగ్గినప్పుడు ముందుగా వాయిదా పడే ప్రమాదం ఉన్నవి కూడా ఇటువంటి కనిపించని పనులే.

7. వ్యయభారం - మూడు నమూనాలు:
నగర కూడలి రింకులను ఖర్చు భరించే తీరునుబట్టి మూడు నమూనాలుగా విభజించవచ్చు.

7.1. టిక్కెట్టు నమూనా: రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో స్కేటింగ్ చేసేవారు రుసుము చెల్లిస్తారు. వీధిమట్టంనుంచి కిందికి చూస్తూ నిలబడేవారికి మాత్రం చూపు ఉచితం. ఇక్కడ స్కేటర్లే ఒక ప్రదర్శన అవుతారు.

7.2. వాణిజ్య మద్దతు నమూనా: న్యూయార్క్‌లోని బ్రయంట్ పార్కులో 2005నుంచి ప్రతి శీతకాలం రింకు వెలుస్తోంది. ప్రవేశం ఉచితం. స్కేట్లు అద్దెకు తీసుకోవాలంటే రుసుము ఉంది. చుట్టూ వెలిసే దుకాణాలు, ప్రాయోజకుల సహాయం రింకుకు ఆధారం. రింకు అమరే పచ్చికకింద భూగర్భంలో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ పుస్తకాల నిల్వగదులు ఉండడం ఒక విశేషం. వసంతంలో రింకును తొలగించి కొత్త పచ్చికను పరుస్తారు. ఈ నమూనాలో ఉచిత ప్రవేశానికి బదులుగా ఉద్యానంలో కొంతభాగం కొన్ని నెలలపాటు సంతగా మారుతుంది.

7.3. పురపాలక నమూనా: టొరంటోలో నగరపాలక సంస్థే రింకును నడుపుతుంది. నాథన్ ఫిలిప్స్ స్క్వేర్ ఉత్సవాలకు, నిరసనసభలకు కూడా వేదిక. అధికారకేంద్రం గుమ్మం ముందు పౌరులు ఏ రుసుమూ లేకుండా ఆడుకోగలగడం ఈ నమూనాలోని విశిష్టత.

అయితే ఉచితమనే మాటను కొంత లోతుగా పరిశీలించాలి. టొరంటోలోనూ, బ్రయంట్ పార్కులోనూ ప్రవేశానికి రుసుము లేదు, స్కేట్ల అద్దెకు ఉంది. అక్కడే పుట్టి పెరిగిన కుటుంబాల్లో స్కేట్లు ఇంట్లోనే ఉండే అవకాశం ఎక్కువ, పెద్దపిల్లల స్కేట్లు చిన్నపిల్లలకు అందుతాయి. వెచ్చని దేశాలనుంచి వలసవచ్చినవారి ఇంట్లో ఆ వారసత్వం ఉండదు. టొరంటోకు, దాని సమీపంలోని బ్రాంప్టన్, మిసిసాగా నగరాలకు చదువుకోసం, ఉద్యోగంకోసం చేరిన తెలుగువారు కూడా ఈ వర్గంలోనివారే. ఉచిత రింకులో రుసుము చెల్లించేది ప్రధానంగా కొత్తగా వచ్చినవారే అవుతారు. ఐసుపై మొదటిసారి నిలబడడానికి అందరికంటే ఎక్కువ ప్రోత్సాహం అవసరమైనవారికే గుమ్మం దగ్గర ఒక ధర ఎదురవుతుంది. అందువల్ల ఒక రింకు నిజంగా అందరిదా అని తెలుసుకోవడానికి ప్రవేశరుసుము ఒక్కటే కొలమానం కాదు. స్కేట్లను ఉచితంగా అరువిచ్చే ఏర్పాటు, నేర్చుకునేవారికి కేటాయించిన వేళలు, పట్టుకుని నడవడానికి తగిన ఆధారాలు, వెచ్చని విశ్రాంతిగది కూడా లెక్కలోకి రావాలి.

8. వేడెక్కుతున్న శీతకాలాలు:
అట్టావా నగరం మధ్యగా సాగే రిడో కాలువపై 7.8 కిలోమీటర్ల స్కేటింగ్ దారి ఉంది. 1970-71 శీతకాలంనుంచి నడుస్తున్న ఆ దారికి యంత్రాలు లేవు. చలి కాలువనీటిని గడ్డకట్టించాలి. దారి తెరవడానికి ఐసు కనీసం 30 సెంటీమీటర్ల మందం ఉండాలన్నది అక్కడి ప్రమాణం. 2022-23 శీతకాలంలో తగినంత చలి లేక ఆ దారి ఒక్కరోజు కూడా తెరుచుకోలేదు. దాని చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి.

కృత్రిమ రింకులకు ఇటువంటి ఆకస్మిక వైఫల్యం ఉండదు. వాటి విషయంలో చలి తగ్గినకొద్దీ విద్యుత్తు పెరుగుతుంది. వేడెక్కడంవల్ల కలిగిన నష్టం మూసిన గేటుగా గాక బిల్లుగా ప్రత్యక్షమవుతుంది. ఆ విద్యుత్తు బొగ్గునుంచి, సహజవాయువునుంచి వచ్చినదైతే, శీతకాలాన్ని అనుకరించే ప్రయత్నం శీతకాలాన్ని మరింత బలహీనపరుస్తుంది. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం తన ప్రాంగణంలో ఏటా నెలకొల్పుతూ వచ్చిన రింకును 2022 జనవరితో ముగించింది. ఆ ప్రాంగణాన్ని జీవవైవిధ్యానికి నెలవైన తోటలుగా మార్చి 2024లో ప్రజలకు తెరిచింది.

ప్లాస్టిక్ పలకలతో చేసిన కృత్రిమతలం ఒక ప్రత్యామ్నాయంగా ప్రచారంలో ఉంది. దానికి శీతలీకరణ అవసరం లేదు. కాని ఘర్షణ ఎక్కువ, స్కేట్ల పదును త్వరగా పోతుంది, అరిగిన ప్లాస్టిక్ పొడి పరిసరాల్లో చేరుతుంది. అంతకంటే ఆచరణీయమైనవి ఇంజనీరింగులో ఇప్పటికే తెలిసిన మార్గాలు: నీడగల స్థలాన్ని ఎంచుకోవడం, రుతువు ఆరంభాన్ని తేదీతో గాక ఉష్ణోగ్రతతో నిర్ణయించడం, రాత్రి రింకు మూసినప్పుడు ఐసుపై ఉష్ణనిరోధక దుప్పటి కప్పడం, చిల్లర్ బయటికి నెట్టే వేడిని పక్కభవనాలకు వాడుకోవడం. టొరంటో వంటి చోట రింకు, నగరపాలక భవనం పక్కపక్కనే ఉండడం ఈ చివరి మార్గానికి అనుకూలించే అంశం.

9. ముగింపు:
నగర కూడలిలోని ఐస్ రింకు ప్రకృతి వరంగా కనిపించే ప్రజాసేవ. వీధిదీపం, మంచినీటి కుళాయి, గ్రంథాలయం మాదిరిగానే దానికీ ఒక బడ్జెటు, ఒక తనిఖీ పట్టిక, ఒక సిబ్బంది ఉంటాయి. పైన చూసిన లెక్క ప్రకారం దాని ప్రధానవ్యయం నిర్మాణానిది గాక నిత్యరక్షణది. శీతకాలాలు వేడెక్కినకొద్దీ ఆ వ్యయం పెరుగుతుంది. పెరిగిన వ్యయాన్ని టిక్కెట్టుపై మోపితే కూడలి కొందరిది అవుతుంది. తనిఖీలను తగ్గించి సర్దుకుంటే ప్రమాదం అందరిదీ అవుతుంది. రింకును పూర్తిగా ఎత్తివేస్తే ఇంటివద్ద వేరే వినోదం లేనివారే ఎక్కువ నష్టపోతారు.

కాబట్టి ఒక నగరం ముందున్న ప్రశ్న ఐసు ఉండాలా వద్దా అనే దగ్గర ఆగదు. ఎన్ని వారాలు, ఎంత నీడలో, ఏ విద్యుత్తుతో, ఎవరి ఖర్చుతో అని ముందుకు సాగుతుంది. సీజన్ కొంత కుదించుకున్నా ఫర్వాలేదు. ఉన్న వారాల్లో సురక్షితమైన యంత్రాలతో, ఉచిత ప్రవేశంతో, అరువిచ్చే స్కేట్లతో నడిచే రింకే నగర కూడలి అనే మాటకు న్యాయం చేస్తుంది. ప్రజాస్థలాలపై, వలసజీవితంపై పరిశోధనచేసే తెలుగు అధ్యయనకారులకు ఈ చిన్న ఐసు తలం విస్తృతమైన పరిశీలనకు అవకాశమిస్తుంది.